లోపలి గది గాలి

ఆ ఉదయం యశోద లోపలి గది కడుగుతోంది. నెలలు నిండిన కూతురు హరిత సాయంత్రం బస్సుకు పురిటికి వస్తోంది. పెనుకొండలో ఆ ఇంటిని రాతిపని చేసే ఆమె మొగుడు చెన్నప్ప పెళ్లయిన కొత్తలో తన చేతులతోనే కట్టుకున్నాడు. నేలా బండే, గోడా బండే, కప్పూ బండే. లోపలి గదికి కిటికీ లేదు. ఇల్లంటే ఆయనకు ఎంత గొప్పో చెప్పనలవి కాదు. గోడకు మేకు కొడితే తన ఒంట్లో దిగినట్టు కస్సుమంటాడు!

పోయిన ఏడాది, అంటే రెండువేల రెండులో, అనంతపురం నుంచి విమల అనే పరిశోధక విద్యార్థిని వచ్చింది. రాతినేలల్లోంచి రేడాన్ అనే వాయువు వస్తుందనీ, కంటికి కనపడదనీ, గాలి ఆడని గదిలో దాన్ని ఏళ్లతరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటనీ చెప్పింది. అది గదిలో ఎంతుందో కొలిచేందుకు, ఫిల్ము ముక్క పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను లోపలి గదిలో వేలాడదీసి, మూడు నెలలు కదపొద్దని చెప్పి పోయింది. గడువు కాగానే వచ్చి తీసుకుపోయింది. ప్రమాదమేమీ లేదని ఉత్తరం వచ్చింది.

"ఏమయ్యా, పాత గోతాలు ఈడికి తే. బాలింతకు గాలి తగలగూడదు, తలుపు సందుల్లో కుక్కుతాను" అంది యశోద.

చెన్నప్ప కదల్లేదు. "అమ్మిని ముందరి గదిలో పండుకోబెడదాం" అన్నాడు.

"వచ్చేవాళ్లు పోయేవాళ్లు చూస్తాంటే బిడ్డకు దిష్టి తగలదా? ఈ గదికేమొచ్చె? ఉత్తరం ఊరంతా చూపిచ్చుకుంటివి కదా!"

"ఆ ఉత్తరం నమ్మేదానికి లేదు."

"అంత చదువుకున్న పాప అబద్ధం రాస్తాదా?"

"ఆ పాప తప్పు కాదు. నాది." "మీయమ్మ కాలు విరిగిందని నువ్వు హిందూపురంలో ఉంటివి కదా, అప్పుడు ఆ డబ్బా తీసి వసారాలో కట్టినా. ఆ పాప వచ్చే ముందర మళ్లీ లోపల పెట్టినా."

యశోద చేతిలోని చీపురు కింద పెట్టింది.

"ఎందుకు చేస్తివి?"

"నేను కట్టిన ఇంట్లో విషగాలి ఉందంటే ఇంక నాకు పని ఎవురిస్తారు? ఊర్లో తల ఎత్తుకొని తిరుగుతానా?"

"అయితే ఇప్పుడెందుకు చెప్తాండావు?"

"పసిబిడ్డ వస్తాండాది కదా..."

యశోద మొగుడి ముఖంలోకి సూటిగా చూసింది. "ఇరవై ఏండ్లుగా ఈ గదిలో పండుకుంటాండేది నేను. నువ్వు వసారాలో పండుకుంటావు. ఉత్తరం వచ్చి ఏడాదాయె. ఇన్ని దినాలూ నేను ఈడ పండుకోలేదా? నాది పానం కాదా?"

దేవుడి మీద ఒట్టు, చెన్నప్పకు ఆ ఆలోచనే రాలేదు. రాలేదన్న సంగతి ఇప్పుడు తెలిసి, సిగ్గుతో తల దించుకున్నాడు. యశోద పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన ఎస్టీడీ బూతుకు పోయి విమలకు ఫోన్ చేశాడు. చేసినదంతా ఒప్పుకున్నాడు. "మళ్లీ కొత్త డబ్బా పెట్టి చూద్దాం. అంతవరకూ ఆ గదిలోకి గాలి ఆడనివ్వండి" అంది విమల.

చెన్నప్ప ఇంటికి వచ్చి సమ్మెట, గడ్డపార తీశాడు. మధ్యాహ్నం దాటేసరికి లోపలి గది వెనక గోడలో ఒక బండ ఊడి పడింది. ఇల్లంతా దుమ్ము. అన్నం తినమని యశోద పిలవలేదు, ఆయన ఆగలేదు.

సాయంత్రం హరిత వచ్చి గోడ చూసి గుండెలు బాదుకుంది. "నాయనా, మేకు కొట్టనీనోడివి, గోడే పగలగొట్టినావా? నా కోసం ఇంత పని ఎందుకు చేస్తివి?"

చెన్నప్ప కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ము అనడానికి వీలులేనంతగా కారుతున్నాయవి.

"నీ కోసం కాదమ్మీ, మీయమ్మ కోసం" అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ యశోద లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.