అత్తమ్మ గదిలో వాసన

శనివారం పొద్దున్నే సౌజన్య ఇంట్లో కిటికీలన్నీ తెరిచింది. నార్సింగిలోని ఆ ఫ్లాట్‌లో వారం రోజులుగా ఏదో మురుగు వాసన. మధ్యాహ్నం ఆఫీసు స్నేహితులు భోజనానికి వస్తున్నారు.

అత్తగారి గది గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించకుండానే అనేసింది.

"అత్తమ్మా, వాసన ఈ గదిలోంచే వస్తోంది. బట్టలు, దుప్పట్లు కాస్త శుభ్రంగా పెట్టుకోండి. వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

కమలమ్మ ముఖం వాడిపోయింది. ప్రొద్దుటూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చాక ఇంత మాట పడలేదామె.

"పొద్దున్నే నీళ్లు పోసుకుంటి గదమ్మా..." అని ఆగి, "సరేలే పాపా, మళ్లా పోసుకుంటా" అంది.

ఆమె మంచం కింద పడుకున్న బూందీ తల విదిలించింది. వేలాడే చెవుల కాకర్ స్పానియల్ కుక్క అది. రాత్రి నుంచీ ముద్ద ముట్టలేదని భర్త యశ్వంత్ చెప్పడంతో సౌజన్య దాన్ని కుక్కల డాక్టరు లావణ్య దగ్గరికి తీసుకెళ్లింది.

లావణ్య చెవి ఎత్తగానే గుప్పున వాసన కొట్టింది. ఇంట్లో వస్తున్నది ఆ వాసనే.

"లోపలంత చీము పట్టింది. స్నానం ఎవరు చేపిస్తరు?"

"నేనే, ప్రతి ఆదివారం. మంచి షాంపూతోనే..."

"షాంపూ కాదమ్మా. స్నానమైనంక చెవులు ఎత్తి, తడి లేకుండ తుడుస్తున్నరా?"

సౌజన్య తల దించుకుంది. దువ్వి, రిబ్బన్లు కట్టి ఎన్ని ఫొటోలు తీసిందో! ఆ చెవుల కింద ఒక్కసారీ చూడలేదు.

"పాపం, చాన నొప్పి ఓర్చుకున్నది" అంది లావణ్య మందు వేస్తూ.

ఇంటికొచ్చేసరికి యశ్వంత్ గుమ్మంలోనే ఉన్నాడు.

"అమ్మ మళ్లీ మళ్లీ స్నానం చేస్తోంది. చీరలన్నీ ఫినాయిల్లో ముంచింది. హఫీజ్‌పేటకి, మా అక్క దగ్గరికి పోతానంటోంది. ఏమన్నావు సౌజన్యా?"

సౌజన్య లోపలికి పరిగెత్తింది. కమలమ్మ తడి జుట్టుతో వణుకుతూ సంచి సర్దుకుంటోంది.

"మీ వాళ్లొచ్చేలోపల పోతాలే పాపా. ఒక్కోసారి బాత్రూముకు పోయేలోపలే... నాకు తెలీకుండానే తడుపుకుంటాండా. ఎవురికీ చెప్పుకోలేకపోతి. ఆ వాసనే అనుకుంటా."

"మీది కాదత్తమ్మా!" సౌజన్య సంచి పట్టుకుని ఆపింది. "బూందీ చెవికి చీము పట్టింది. నేను తడి తుడవక పట్టింది. తప్పు నాదైతే మిమ్మల్ని అన్నాను."

కమలమ్మ సంచి వదిలేసింది.

"నువ్వు అంటివని కాదు పాపా. నువ్వు అంటానే నేను నమ్మితి. అదీ నా ఏడుపు."

సౌజన్య తువ్వాలు తెచ్చి ఆమె తల తుడవబోయింది. కమలమ్మ చప్పున వెనక్కి జరిగింది.

"వద్దు, దగ్గరికి రావద్దు."

ఆ మాట సౌజన్య తట్టుకోలేకపోయింది. అత్తగారిని గట్టిగా పట్టుకుని, తడిసిన ఆ భుజం మీద ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కమలమ్మ చాలాసేపు కొయ్యబారి నిలబడింది. తర్వాత ఆమె చెయ్యి మెల్లగా కోడలి వీపు మీదికి వచ్చింది.