ఒకే కొలిమి దగ్గరి అన్నదమ్ములు

పొద్దున్నే పొయ్యి రాజేస్తూ ఎస్తేరమ్మ చిన్నకొడుకు చేయి చూసి ఉలిక్కిపడింది. నిన్న కరిగిన గాజు పడి స్తెఫను అరచేయి కాలింది. తెల్లారేసరికి మోచేతి దాకా ఉబ్బిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ అవతల గాజు సీసాల కార్ఖానాలో అన్నదమ్ములిద్దరికీ పని. పెద్దవాడు పౌలు పర్మినెంటు. వాడికీ, భార్యాబిడ్డలకూ కంపెనీ డిస్పెన్సరీలో వైద్యం ఉచితం. స్తెఫను రోజుకూలీ. కొలిమి ఒకటే, సెగ ఒకటే, కానీ ఆ డిస్పెన్సరీ వాడికి లేదు. పట్నంలోని పెద్ద దవాఖానకు పోదామంటే తెలంగాణ ఉద్యమపు బందు, బస్సుల్లేవు.

"నా డిస్పెన్సరీ కార్డు పట్కపో తమ్మీ. పేరడిగితే పౌలు అని చెప్పు," అన్నాడు అన్న.

"చెప్ప. కాలింది నా చెయ్యి. నీ పేరు మీద మందు నాకెందుకన్నా?"

"గింత పొగరైతే ఎట్లరా? రూలు గట్లుంది. నేనేం జెయ్యాలె?"

ఎస్తేరమ్మ గిన్నె ఠక్కున దించింది. "రూలు నువ్వు పెట్టలే బిడ్డా. కానీ ఒక్కపారన్న తమ్ముని కోసం అడిగినవా? ఇద్దర్నీ ఒక్క కడుపుల మోసిన. ఒకనికి డాక్టరమ్మ, ఒకనికి పసుపు ముద్దనా?"

పౌలు అంగీ తొడుక్కుని, "నడువుండ్రి," అన్నాడు.

డిస్పెన్సరీ గుమ్మంలో కాంపౌండరు పౌలు కార్డు చూసి, కార్డు లేని స్తెఫనుకు అడ్డుపడ్డాడు. "కూలీలకు ఇక్కడ చూడరండీ. మీరైతే రండి పౌలుగారూ."

"నా తమ్ముణ్ణి చూసేదాంక నాకూ వద్దు." పౌలు గడప మీదే కూర్చున్నాడు.

మందుల కోసం వరుసలో నిలబడ్డ కోస్తా మేస్త్రీ సాంబమూర్తి ముందుకొచ్చాడు. "కుర్రాడు నా పక్కనే పనిచేస్తాడండీ. మాకూ వద్దు." ఆయన వెనకే వరుసంతా కదిలి గుమ్మం ముందు నిలబడింది.

గోలకు డాక్టర్ ఇందిరాదేవి బయటికొచ్చి స్తెఫను చేయి చూసింది. "లోపలికి తీసుకురండి. మేనేజరుగారితో నేను మాట్లాడతాను."

ఆ నెల నుంచే, పనిలో దెబ్బ తగిలిన కూలీలందరినీ అక్కడ చూడసాగారు. జ్వరమొస్తే మాత్రం వాళ్ళ తిప్పలు వాళ్ళవే.

ఆ పూట కట్టుతో ఇంటికి నడుస్తూ స్తెఫను, "అన్నా, నిన్ను పిరికోడనుకున్న," అన్నాడు.

"నేనూ గట్లనే అనుకున్న తమ్మీ. కొలువు పోతదేమో అమ్మా!"

"పోతే మల్ల దొరుకుతది బిడ్డా. గిసుంటి అన్న వీనికి దొరుకుతడా?"

బందుకు మూసేసిన దుకాణాల ముందు నుంచి, ఇద్దరు కొడుకుల నడుమ ఎస్తేరమ్మ కన్నీళ్ళు తుడుచుకోకుండానే తలెత్తి నడిచింది.