ముల్లు కదిలిన సాయంత్రం

అమెరికాలో, అరోరా ఊరి చివర మేం ఇల్లు కట్టుకున్న ఏడాది చలి ముందే వచ్చింది. చుట్టూ కోసేసిన మొక్కజొన్న చేలు. పక్కిల్లంటే దూరంగా కనిపించే ఒక దీపం, అంతే. మావారు డాక్టర్ హరనాథ్ ఆస్పత్రికి వెళ్ళిపోతే ఇంట్లో నేనూ, మా అమ్మాయి ప్రమోదా. దానికప్పుడు తొమ్మిదేళ్ళు.

ఇల్లంతా అయింది, హాల్లో నేల తప్ప. నేల కింద వేడినీళ్ళ గొట్టాలు కావాలన్నది నేనే. చలికాలంలో నా పాదాలు మొద్దుబారిపోతాయి. రాగి గొట్టం హాలంతా మెలికలు తిప్పి పరిచారు. దానిమీద కాంక్రీటు పోశాక ఇక తియ్యడానికి ఉండదు. అందుకని ముందు గొట్టంలోకి గాలి ఎక్కించి, చివరలు బిగించి, రాత్రంతా అలా వదిలేస్తారు. గోడ దగ్గర గడియారం లాంటి మీటరు. ముల్లు కిందికి జారితే గాలి ఎక్కడో పోతున్నట్టు. కదలకపోతే పొద్దున్నే కాంక్రీటు లారీ వస్తుంది.

గాలి ఎక్కించడానికి నేను ముహూర్తం చూశాను.

"సిమెంటుకి కూడా జాతకం ఉందా?" అన్నారు మావారు, బూట్లు తొడుక్కుంటూ.

"కారు కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదూ?"

"పెట్టింది నువ్వు."

"తొక్కించింది మీరు."

నవ్వుకుంటూ డ్యూటీకి వెళ్ళారు. ఆ ఇంట్లో ఆఖరుసారి హాయిగా నవ్వుకున్నది అప్పుడే అనుకుంటాను.

మంచు పడి మేస్త్రీ డేల్ ఆలస్యమయ్యాడు. గాలి కొట్టే యంత్రం అతని ట్రక్కులోనే ఉంది. ముహూర్తం దాటిపోతోంది. మనవాళ్ళం ఇలాంటప్పుడు పేరుకి మొదలుపెట్టేస్తాం కదా. ఒక్క ఇటుక పెడతాం, గుప్పెడు బియ్యం పోస్తాం, మిగతాది తరవాత. ఆడపిల్ల చేత చేయిస్తే మరీ మంచిది. గొట్టం మూతికి పసుపు రాసి ప్రమోదని పిలిచాను.

"దీంట్లో ఊదు తల్లీ. ఒక్కసారి."

"బెలూన్‌లాగా?"

"ఆ. గట్టిగా."

అది నోట్లో బబుల్‌గమ్ బుగ్గకి నెట్టి, కళ్ళు మూసుకుని ఊదింది. "యాక్ మమ్మీ! పెన్నీ బిళ్ళ నాకినట్టుంది!" అంది. ఊదిన గాలి బయటికి రాకుండా నేను వెంటనే మూత బిగించాను.

తరవాత డేల్ వచ్చి రెండో చివరనున్న వాల్వుకి యంత్రం తగిలించి గాలి ఎక్కించాడు. అతుకులకి సబ్బునీళ్ళు రాసి, బుడగలు రావట్లేదని చూపించాడు.

"ముల్లు పడితే ఫోన్ చెయ్యండి మేడమ్. లారీ ఆపిస్తాను," అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కాకుండానే చీకటి. కొత్త చెక్క వాసన, సబ్బు వాసన. ప్రమోద పక్క గదిలో సోఫా మీద దుప్పటి కప్పుకుని నిద్రపోయింది. టీవీ కట్టేశాను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, బయట మంచు రాలడం కూడా వినిపిస్తోందేమో అనిపించింది. మాట్లాడదామంటే మనిషి లేదు. వెళ్ళి మీటరు చూశాను.

ముల్లు కొంచెం పైకి లేచింది. కిందికి దిగింది. మళ్ళీ లేచింది...

దీపం నీడేమో అనుకున్నాను. గొట్టం మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. అందులో నీళ్ళు లేవు. బాయిలర్ ఇంకా తగిలించనే లేదు.

వంగి చెవి పెట్టాను. లోపల... మెల్లగా... ఎవరో నిద్రపోతున్నట్టు.

పక్క గదిలో ప్రమోద దగ్గింది. ముల్లు ఎగిరింది.

గుమ్మంలో నిలబడ్డాను. ఇటు చూస్తే పిల్ల ఛాతీ. అటు చూస్తే ముల్లు. రెండూ కలిసి లేస్తున్నాయి. కలిసి దిగుతున్నాయి.

నాకు ఒక్కటే తోచింది. వదిలెయ్యాలి. నా పిల్లది నా పిల్లకి ఇచ్చెయ్యాలి. పరుగెత్తి వాల్వు తిప్పాను. గాలి బుస్సుమంది. మొహానికి బబుల్‌గమ్ వాసన కొట్టింది.

పక్క గదిలో ఏదో కిందపడిన చప్పుడు.

ప్రమోద నేలమీద ఉంది. నోరు తెరుచుకుంది. గాలి లేదు. పెదాలు నీలం...

ఎలా వెనక్కి వచ్చానో తెలీదు. వాల్వు బిగించాను. ముల్లు ఆగింది. తరవాత కొంచెం లేచింది. పక్క గదిలో పిల్ల ఎగశ్వాసతో ఏడ్చింది.

ఒళ్ళోకి తీసుకున్నాను. నా చెవిలో గుసగుసగా అంది.

"మమ్మీ... లోపల డార్క్‌గా ఉంది."

"ఎక్కడ తల్లీ?"

"పైపులో."

పొద్దున మావారు వచ్చి దాని గుండె, ఊపిరితిత్తులు చూశారు. జలుబన్నారు. డేల్ మీటరు చూసి, చలికి ఆ మాత్రం దిగుతుందిలెమ్మన్నాడు. లారీ వచ్చింది. కాంక్రీటు పోశారు. నేల ఆరాక గాలి వదిలి నీళ్ళు నింపుతామన్నారు. నేను వాల్వుకి అడ్డంగా నిలబడ్డాను.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నారు మావారు. ఏం చెప్పను? తరవాత ఆయన అడగడం మానేశారు. ఆ తరవాత ఇంకా చాలా మాటలు మానేశారు.

నేల చల్లగానే ఉండిపోయింది. పదేళ్ళుగా, మిగతావాళ్ళు గడియారం చూసినట్టు నేను మీటరు చూస్తున్నాను. ప్రమోద వర్జీనియాలో కాలేజీకి వెళ్ళాక కూడా అది ఎప్పుడు పడుకుందో, ఎప్పుడు మెట్లెక్కిందో నాకు తెలుస్తుంది. పరుగెత్తితే దానికి ఆయాసం. ఆ సాయంత్రం నేను వదిలేసిన గాలి మళ్ళీ రాలేదు.

నిన్న పొద్దున ముల్లు ఆగిపోయింది.

తట్టాను. కదల్లేదు. గొట్టం మంచుముక్కలా ఉంది. గాలి పోలేదు, అంతా లోపలే ఉంది. కదలడం లేదు, అంతే. దాని గదికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మధ్యాహ్నం దాకా మీటరు ముందే కూర్చున్నాను.

ఫోన్ మోగింది.

"మమ్మీ!"

నా ప్రమోదే. నవ్వుతోంది. పరీక్ష ఎలా రాసిందో చెప్పింది, రూమ్‌మేట్ సంగతి చెప్పింది, క్యాంటీన్ కూడు తిట్టింది. ఏడుపొచ్చింది నాకు. వింటూ వింటూ ఉండగా ఏదో తేడాగా తోచింది. అది ఎక్కడా ఆగడం లేదు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. రిసీవర్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"తల్లీ," అన్నాను. "ఒక్కసారి ఊపిరి పీల్చుకో."

అటువైపు నిశ్శబ్దం. ఏ చప్పుడూ లేదు.

"ఎందుకు మమ్మీ?" అంది.