ఆఖరున వచ్చినవాళ్ళు గడియ వేయాలి

ఆదివారం సాయంత్రం నాలుగున్నర. పొద్దున పట్టిన ముసురు ఇంకా వదల్లేదు.

మామూలు రోజుల్లో కాలు పెట్టే సందుండని మాదాపూర్ ఆ పూట బోసిపోయి ఉంది. జాయ్స్ పనిచేసే ఆఫీసు బిల్డింగంతా చీకటి. రెండో అంతస్తు క్యాంటీన్లో మాత్రం ఒక లైటు వెలుగుతోంది. దాని కింద బల్ల చుట్టూ నలుగురు.

లీదియాకి ఆ నలుగురిలో తనెందుకుందో తనకే అర్థం కాలేదు. చందానగర్ స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషి. యాభైకి దగ్గర పడుతోంది. హిమాలయాలకు ట్రెక్కింగ్ వెళ్తానని కూతురు జాయ్స్ అంటే వద్దంది. వెళ్తానంది జాయ్స్. "అయితే నేనూ వస్తా" అంది లీదియా, పంతానికి. అమ్మ వెంటొస్తానంటే పిల్ల జడుసుకుని మానేస్తుందనుకుంది. జాయ్స్ ఎగిరి గంతేసి ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది.

బల్లకి అటు పక్క గైడు సాయిచంద్. ఎండకి, మంచుకి మాడిన మొహం. బల్ల మీద మ్యాపు పరిచి, ఏ రోజు ఎంతదూరం నడవాలో, ఎక్కడ డేరాలు వేయాలో వేలితో చూపిస్తున్నాడు.

"ఈడిదాంక అలకనే, కష్టముండదు. ఈడికెల్లి మంచు మొదలైతది. గివి కట్టుకోవాలె" అంటూ సంచిలోంచి బూటు కింద కట్టుకునే ఇనుప పళ్ళ పట్టాలు తీశాడు.

జాయ్స్‌తో పనిచేసే లోహిత్ ఒకటి లాక్కుని నేల మీద గీశాడు. కర్ర్‌మంది. లీదియా పళ్ళు జివ్వుమన్నాయి.

"గట్ల చెయ్యకు తమ్ముడూ" అని సాయిచంద్ గభాల్న గుంజుకున్నాడు. "ఆటవస్తువు కాదది."

"సారీ అన్నా. ఆంటీ, మీకు మేం ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుంటాంలెండి."

"నీ చెయ్యి నువ్వు చూసుకో నాయనా. మొన్న నాలుగు మెట్లకే ఆయాసపడ్డావట, జాయ్స్ చెప్పింది."

జాయ్స్ పకపకా నవ్వింది. సాయిచంద్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అలా ఉండగానే నెమ్మదిగా చెప్పాడు.

"ఒక్క రూల్ యాది పెట్టుకోండ్రి. ముంగట నేనుంట. అందరికన్నా మెల్లగ నడిచేటోళ్ళు ఆఖర్ల. అంటే మేడం. నేను 'ఆఖరెవరు?' అని ఒర్లుత. మేడం 'ఆఖరు నేనే' అనాలె. అంటే ఎన్క ఇంకెవ్వరు లేరని. గా మాట వినవడ్తెనే నేను ముందుకు పోత. డేరాల గూడ అంతే. ఆఖరున వచ్చినోళ్ళే జిప్పు మూయాలె."

"మమ్మీ, మన ఇంటి రూలే!" అంది జాయ్స్.

నిజమే. ఆఖరున వచ్చినవాళ్ళు గడియ వేయాలి. పెళ్ళయిన కొత్తలోనే భర్త సాల్మన్ పెట్టిన రూలు.

"మరి ఎవరూ పలక్కపోతేనో?" అడిగింది లీదియా.

"ఎన్కకు పోయి ఎతుకుతం మేడం. దొరికేదాంక ముందుకు పోం."

"ఎప్పుడైనా అలా పోవాల్సి వచ్చిందా?"

సాయిచంద్ మ్యాపు మడవడం మొదలుపెట్టాడు. మడత సరిగ్గా పడలేదు. మళ్ళీ విప్పాడు.

"లే మేడం. పలికిండ్రు. పిల్చినప్పుడల్ల పలికిండ్రు."

ఎందుకో ఆ జవాబు లీదియాకి నచ్చలేదు.

హైదరాబాదులో మంచుకొండలు ఎక్కడివి? అందుకే ఇక్కడివాళ్ళు వీపున బరువు కట్టుకుని ఆఫీసు మెట్లే ఎక్కి దిగి కాళ్ళు గట్టిపరుచుకుంటారు. లోహిత్ ముందుగానే అడిగి పర్మిషన్ తెచ్చాడు.

"మెడల ఏం ఏలాడొద్దు. బ్యాగు పట్టీలల్ల చిక్కుతయి. ఫోన్లు గూడ ఈడనే. కొండ మీద సిగ్నల్ ఉండదు, ఇప్పటికెల్లే అలవాటు చేసుకోండ్రి" అన్నాడు సాయిచంద్.

పడుకునేటప్పుడు కూడా మెడలోంచి తీయని ఐడీ కార్డులు తీసి పిల్లలిద్దరూ బల్ల మీద పెట్టారు. అత్యవసర మార్గం తలుపు మెట్ల వైపు నుంచి కార్డు లేకుండా తెరుచుకోదు. అందుకే లీదియా తన నీళ్ళ సీసాని తలుపు సందులో అడ్డంగా పెట్టింది. కింద బయటికి పోయే తలుపుకి ఆదివారాలు గొలుసు, తాళం. ఇదొక్కటే దారి.

ఒకరి వెనక ఒకరు ఎక్కసాగారు. సాయిచంద్, లోహిత్, జాయ్స్, ఆఖరున లీదియా.

కిటికీ లేని మెట్లు. పాత సిమెంటు వాసన. గోడలో ఎక్కడో పైపులోంచి వాననీళ్ళు గుడగుడమంటూ దిగుతున్నాయి. బియ్యం మూటలా వీపున బ్యాగు. మొదటి కొన్ని అంతస్తులూ బాగానే ఎక్కింది. ఆ పైన పిల్లల మాటలు దూరమయ్యాయి.

"ఆఖరెవరు?" పై నుంచి సాయిచంద్.

"ఆఖరు నేనే!"

ఇంకాస్త పైకి. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ పలికింది. కాస్త సిగ్గుగా, సరదాగా కూడా అనిపించింది. ఆఖరు బెంచీ పిల్లలా.

తర్వాత తొడలు పట్టేశాయి. మలుపులో కూలబడింది. ఊపిరి అందడం లేదు. అప్పుడే పై నుంచి పిలుపు.

"ఆఖరెవరు?"

నోరు తెరిచింది. గాలే తప్ప మాట రాలేదు.

"ఆఖరు నేనే."

ఆడో మగో తెలియని బొంగురు గొంతు. తడి దగ్గుతో కలిసి వచ్చింది.

తన గొంతు కాదు.

కింది నుంచి.

"సరే, నడువుండ్రి!" అన్నాడు పైన సాయిచంద్. అడుగుల చప్పుడు మళ్ళీ మొదలైంది. పైకి, ఇంకా పైకి. తన కోసం ఎవరూ ఆగడం లేదు. ఎందుకాగుతారు? ఆఖరు మనిషి పలికింది కదా.

లీదియా కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. ఖాళీ మెట్లు. మలుపు అవతల కనబడదు.

ఒక వాసన వచ్చింది. చాన్నాళ్ళు తెరవని ఫ్రీజరు తలుపు తీస్తే వచ్చే వాసన. ఆ వెంటే...

కర్ర్.

ఆగింది.

కర్ర్... ఇంకో మెట్టు.

"జాయ్స్" అంది. పెదవులు కదిలాయంతే.

ఎలా లేచిందో, ఎలా ఎక్కిందో తెలియదు. మోకాళ్ళ మీద కొన్ని మెట్లు పాకింది కూడా. పైన మూసిన టెర్రస్ తలుపు దగ్గర ముగ్గురూ కూర్చుని ఉన్నారు.

"అబ్బో, అప్పుడే వచ్చేశావా మమ్మీ?" అంది జాయ్స్. "ఇప్పుడే కదా ఎక్కడో కింది నుంచి పలికావు!"

లీదియా కూతురి మణికట్టు పట్టుకుంది.

"వెళ్ళిపోదాం."

"కాస్త కూర్చో. చెయ్యేంటి ఇంత చల్లగా..."

"నా వెనక ఎవరో ఉన్నారు."

"గొంతు మోగి ఉంటుంది ఆంటీ, ఖాళీ మెట్లు కదా" అన్నాడు లోహిత్. సాయిచంద్ మాత్రం లేచి తలకి టార్చి కట్టుకున్నాడు.

"దిగుదాం" అన్నాడు.

"మమ్మీ, నువ్వు నా ముందు దిగు. నీ కాళ్ళు వణుకుతున్నాయి. వెనక నేనొస్తా."

"వద్దు."

"అబ్బా, ఏమవుతుంది..."

"వద్దన్నానా! నా వెనక ఉండకు!"

ఆ కేకకి జాయ్స్ బిత్తరపోయింది. మారుమాట లేకుండా ముందుకు నడిచింది.

దిగేటప్పుడు ఎవరూ ఎదురు రాలేదు. తను కూలబడిన మలుపులో, మెట్టు మీద, నిమ్మకాయంత తెల్లటి ముద్ద ఒకటి పడి ఉంది. లోహిత్ కాలితో తన్నాడు. మంచుగడ్డ. అందరి నడకా వేగమైంది.

రెండో అంతస్తు. తలుపు మూసి ఉంది.

"ఆంటీ, మీరు గానీ మూసేశారా?"

"లేదు బాబూ. సీసా అడ్డం పెట్టే వచ్చాను."

సీసా అక్కడే ఉంది. మెట్ల వైపు. గోడకి ఆనించి బుద్ధిగా నిలబెట్టి. తమ తర్వాత ఎవరో లోపలికి వచ్చారు. ఆఖరున వచ్చారు కాబట్టి తలుపు మూశారు.

లోహిత్, జాయ్స్ తలుపు దబదబా బాదారు. "నర్సింహా! వాచ్‌మన్! ఎవరైనా ఉన్నారా?" క్యాంటీన్లో తమ ఫోను ఒకటి మోగడం సన్నగా వినిపించింది. మోగి మోగి ఆగిపోయింది. సాల్మనే అయ్యుంటాడు.

కరెంటు పోయింది.

టార్చి వెలుగు ఒక్కటే మిగిలింది. ఆ వెలుగులో నలుగురి నోళ్ళ ముందూ తెల్లటి ఆవిరి. హైదరాబాదులో, నడి వానాకాలంలో.

"అందరున్నరా?" అన్నాడు సాయిచంద్. భయంలో మనిషి నోరు అలవాటైన మాటే వెతుక్కుంటుంది. "ఆఖరెవరు?"

అనేశాక గబుక్కున నోరు మూసుకున్నాడు.

పై నుంచి, ఇప్పుడే తాము దిగివచ్చిన మెట్ల మీద నుంచి...

"ఆఖరు నేనే."

కర్ర్.

"పలకకుండ్రి" గుసగుసగా అన్నాడు సాయిచంద్. "ఏమడిగినా... ఎవ్వరు పలకకుండ్రి."

కర్ర్... కర్ర్...

లీదియా జాయ్స్‌ని తలుపు మూలకి నెట్టి, అడ్డంగా నిలబడి, రెండు చేతులూ అటూ ఇటూ గోడలకి ఆనించింది. వెనక తలుపు. ముందు మెట్లు. మధ్యలో ఊపిరి తిప్పుకునేంత చోటు. ప్రభువా, ప్రభువా అనుకుంది. ఇంకో మాట గుర్తు రాలేదు.

టార్చి మసకబారింది. వెలుగు చేరే ఆఖరు మెట్టు దగ్గర ఆ చప్పుడు ఆగింది. అక్కడ ఏమీ లేదు. చీకటి మాత్రం అక్కడ కాస్త చిక్కగా ఉంది. అంతే.

ఒక్కసారిగా చలి మొహాన కొట్టింది.

"ఆఖరెవరు?"

ఈసారి అది అడిగింది.

ఎవరూ పలకలేదు. పైపులో నీళ్ళు కూడా ఆగినట్టున్నాయి.

"ఆఖరెవరు...?" ఇంకో మెట్టు కిందికి.

లీదియా వీపుకి ఆనుకుని జాయ్స్ గుండె దడదడలాడుతోంది. ఆ పిల్ల గట్టిగా గాలి పీల్చుకోవడం తెలిసింది. నోరు తెరవబోతోంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరేమడిగినా ముందు తనే చెయ్యెత్తుతుంది.

లీదియా ఆగలేదు.

"ఆఖరు నేనే" అంది.

తర్వాత చాలా దగ్గరగా, చెవి పక్కనే, ఎవరో అలసట తీరినట్టు నిట్టూర్చారు.

వెనక తలుపు తెరుచుకుంది.

వాచ్‌మన్ నర్సింహ చేతిలో టార్చి, మెడలో కార్డు. "ఏందమ్మ గిట్ల ఇరుక్కుండ్రు? కరెంట్ పోతె చూద్దామని వస్తి, చప్పుడు ఇనవడ్డది."

ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చారు. సాయిచంద్, లోహిత్, జాయ్స్. ఆఖరున లీదియా. నర్సింహ తలుపు వదలకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"రాండ్రి సార్, రాండ్రి. జర జల్ది."

అప్పుడు వదిలాడు. తలుపు ధన్‌మని పడింది.

"గా ఆఖరుకు వచ్చిన సార్ ఏందమ్మ గంతగనం వణుకుతుండు? దవాఖానకు తోల్కపోండ్రి."

లీదియా వెనక్కి చూడలేదు.

కింద, సాయిచంద్ బండికి తాళం పెట్టబోయి మూడుసార్లు జార్చుకున్నాడు.

"మేడం... నేను మెట్ల మీద పిల్చినప్పుడల్ల మీరే పలికిండ్రు కదా?"

"మొదటి రెండుసార్లే."

వాన ఆయన మొహం మీద పడుతోంది. తుడుచుకోలేదు.

"అప్పుడు కొండ మీద గూడ గిట్లనే... పలికిండ్రు" అన్నాడు. ఎప్పుడని ఆమె అడగలేదు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

క్యాబులో జాయ్స్ అమ్మ మీద పడిపోతూ కూర్చుంది.

"అటు చోటుందిగా, జరుగు."

"అటు ఏసీ చల్లగా కొడుతోంది మమ్మీ."

అద్దంలో డ్రైవరు కళ్ళు ఒకసారి వెనక్కి చూశాయి. ఏసీ వేయలేదమ్మా అని అతను అంటాడేమోనని లీదియా ఎదురుచూసింది. అతను మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

చందానగర్ చేరేసరికి బజారంతా వెలుగులు, అరటిపళ్ళ బండ్లు, హారన్లు. ఆ రద్దీని చూసి లీదియాకి ఏడుపొచ్చింది. ఫ్లాటు తలుపు తెరిచి, జాయ్స్‌ని ముందు లోపలికి తోసి, తను ఆఖరున అడుగుపెట్టింది. చెప్పులు విడిచింది. సోఫాలో కొడుకు రాబిన్ సెల్లులోంచి తలెత్తకుండానే, "కొండెక్కేశావా మమ్మీ?" అన్నాడు. వంటింట్లో పప్పు తాలింపు వాసన. సాల్మన్ వండినట్టున్నాడు.

ఫోను టింగుమంది. లోహిత్ హాస్టల్ చేరాడు. ఇంకోసారి టింగుమంది. సాయిచంద్ చేరాడు. ట్రెక్కింగ్ సంగతి ఇద్దరూ రాయలేదు.

అప్పుడు గుర్తొచ్చి తలుపు దగ్గరికి వెళ్ళింది.

గడియ వేసి ఉంది.

తను వేయలేదు. తన తర్వాత ఎవరూ రాలేదు.

"ఆఖరున ఎవరొచ్చారు?" వంటింట్లోంచి సాల్మన్, రోజూ అడిగేదే. "గడియ వేశారా?"

లీదియా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పలకలేదు. ఎవరూ పలకకూడదని మనసులో మొక్కుకుంటూ, రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది.

సాల్మన్. రాబిన్. జాయ్స్. తను.

నలుగురు. అందరూ క్షేమంగా ఇంటికి వచ్చారు.

మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. సాల్మన్. రాబిన్. జాయ్స్... గడియ మీంచి నీటిచుక్క ఒకటి జారి ఆమె కాలి మీద పడింది. చల్లగా.