పంతొమ్మిదో నిబంధన

“నిన్న సాయంత్రం ఐదింటికే గడువు అయిపోయిందండీ,” అంది శ్రీలక్ష్మి తలెత్తకుండానే.

కౌంటరు అవతల నిలబడ్డ కుర్రాడి ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫైలు మాత్రం పొడిగా ఉంది.

“తెలుసండీ. ఆలస్యానికి అర్జీ కూడా తెచ్చాను.”

ఏలూరులోని ఆ స్టడీ సెంటర్లో శ్రీలక్ష్మి అకడమిక్ సెక్షన్ చూస్తుంది. మానసిక ఆరోగ్య కార్యకర్తలకు యూనివర్సిటీ ఏడాది పాటు ఇచ్చే శిక్షణ అది. ఎన్ని రోజులు ఊళ్ళలో పని చెయ్యాలి, ఏ ప్రాక్టికల్ ఎన్నిసార్లు తప్పొచ్చు, పేరు ఎప్పుడు తీసేస్తారు, అన్నీ నలభై ఆరు పేజీల నిబంధనల పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకాన్ని టైపు చేయించి, ప్రూఫులు దిద్దింది తనే. నిద్రలో లేపి అడిగినా ఏ వాక్యం ఎక్కడుందో చెప్పగలదు.

అర్జీలో పేరు శ్రీకర్. ఊరు తాడేపల్లిగూడెం. పని చేస్తున్న చోటు కొల్లేటికోట. ఆలస్యానికి కారణం అన్న చోట ఒకే ఒక్క మాట రాసి ఉంది: ‘చెప్పలేను’.

“ఇదేంటండీ?”

“కారణమండీ.”

“చెప్పలేననేది కారణం ఎలా అవుతుందండీ? జ్వరమొచ్చిందనో, బస్సు రాలేదనో రాయాలి. దానికో కాగితం జతచెయ్యాలి.”

“అవేవీ జరగలేదండీ. జరిగింది వేరే మనిషి విషయం. సాయానికొచ్చిన వాళ్ళ సంగతులు బయట చెప్పకూడదని పన్నెండో నిబంధనలో ఉంది కదండీ. రెండో పేరా.”

శ్రీలక్ష్మి అప్పుడు తలెత్తింది. నాలుగేళ్ళ ఉద్యోగంలో తనకు నిబంధన అప్పజెప్పిన మొదటి మనిషి ఇతనే. మిగతావాళ్ళంతా మొదటి పేజీలో ఉన్న పాస్ మార్కులు కూడా ఫోన్ చేసి అడిగే రకం.

“పన్నెండు నాకు తెలుసండీ,” అంది కాస్త కటువుగా. “ఆలస్యం సంగతి ఇరవై మూడులో ఉంది. కారణం లేని అర్జీ తీసుకోకూడదు.”

“మరి ఆ రెండిట్లో ఏది పెద్దదండీ?”

దానికి పుస్తకంలో జవాబు లేదు. ఆమెకు కోపం వచ్చింది అందుకే.

“ఐదు పనిదినాలు టైముంది. ఆలోచించుకుని రాసి తీసుకురండి.”

“ఆలోచించుకున్నా ఇదే రాస్తానేమోనండీ,” అని మర్యాదగానే చెప్పి వెళ్ళిపోయాడు. గుమ్మం దాకా బురద అడుగులు మిగిలాయి.

అతను వెళ్ళాక రికార్డు తీసి చూసింది. మొదటి టర్ములో ప్రాక్టికల్ ఒకసారి తప్పాడు. ఆలస్యమైన ప్రాక్టికల్ ఫైలుకు సున్నా మార్కులు. సున్నా అంటే రెండోసారి తప్పినట్టే. రెండుసార్లు తప్పితే పేరు తీసేస్తారు.

“సుబ్బయ్య గారబ్బాయండీ,” అన్నాడు పక్క టేబుల్ దగ్గరున్న సీనియర్ అసిస్టెంట్ ఎలీయాజరు. “గూడెంలో రైస్ మిల్లుంది వాళ్ళకి. తండ్రికి ఈ చదువు బొత్తిగా ఇష్టం లేదు. ఇది తప్పితే నోరుమూసుకుని మిల్లులో కూర్చోవాలని ఒప్పందమట.”

“అయితే జ్వరమని ఏదో ఒకటి రాసెయ్యొచ్చు కదండీ!”

ఎలీయాజరు కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు. “అబద్ధం రాయమంటున్నది మీరేనా శ్రీలక్ష్మి గారూ?”

ఐదో రోజున అతని పర్యవేక్షకురాలు విజయకుమారి గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘ఆ రోజు శ్రీకర్ ఉండవలసిన చోటే ఉన్నాడు. ఒకరిని ఒంటరిగా వదిలి రావడం ప్రమాదమని, అక్కడే ఉండమని ఫోన్‌లో చెప్పింది నేను. ఇంతకు మించి నేను రాయను, మీరూ అడగవద్దు.’

శ్రీలక్ష్మి దాన్ని రెండుసార్లు చదివింది. గడువు దాటిందని తను లెక్క చూపించిన ఆ సాయంత్రం అతను ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎంత భయపడ్డాడో ఆమెకు తెలియదు. ఇక తెలియబోదు కూడా. ఉత్తరాన్ని అర్జీకి జతచేసి, సెప్టెంబరులో కూర్చునే పరీక్షల బోర్డుకు పంపే ఫైళ్ళలో పెట్టింది.

ఆగస్టులో తనిఖీకి కొల్లేటికోట వెళ్ళాల్సి వచ్చింది. అభ్యర్థులు పని చేసే చోటుకు టర్ముకొకసారి ఆఫీసు వాళ్ళు వెళ్ళి చూడాలని నియమం. కైకలూరు దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళింది. దారికి రెండు వైపులా చేపల చెరువులు, గట్ల మీద కొంగలు.

ఆరోగ్య కేంద్రం వసారాలో శ్రీకర్ ఒక ముసలావిడ పక్కన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ వల బాగుచేసుకుంటోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. శ్రీలక్ష్మి దూరంగా వేపచెట్టు కింద నిలబడి, తనిఖీ ఫారం తీసింది. అభ్యర్థి ఏమి చేయుచున్నాడు అన్న గడిలో ‘కూర్చున్నాడు’ అని రాసింది. పది నిమిషాల తర్వాత చూసింది. ఇంకా కూర్చునే ఉన్నాడు. ఇరవై నిమిషాలకు ఆవిడ వల పక్కన పెట్టి, అతని చేతిని ఒకసారి పట్టుకుని ఏదో చెప్పింది. అతను తలూపాడు.

“రేపూ రాయ్యా,” అంటూ లేచింది ఆవిడ. ఆ మాటొక్కటే శ్రీలక్ష్మికి వినబడింది.

ఆవిడ వెళ్ళాక వసారాలోకి వచ్చి అడిగింది. “ఇంతసేపూ ఏం చేశారండీ?”

“ఏమీ చెయ్యలేదండీ.” నవ్వాడు. “అదే కష్టం. మొదటి టర్ములో ప్రాక్టికల్ తప్పింది అందుకే. ప్రతివాళ్ళకీ సలహాలు ఇచ్చేసేవాణ్ణి.”

సంతకాలు పూర్తయ్యేసరికి వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, ఎదురుగా ఉన్న చెరువును, గట్టును, కొంగలను వరసగా తుడిచేసిన వాన. రావలసిన ఆటో రాలేదు. వసారా అంచున ఇద్దరూ స్తంభానికి చెరోవైపు నిలబడ్డారు. జల్లు మాత్రం పక్షపాతం లేకుండా ఇద్దరినీ తడుపుతోంది.

“నిజం చెప్పండి. నలభై ఆరు పేజీలూ చదివారా?”

“చదివానండీ. ముప్పై ఒకటో పేజీలో అచ్చుతప్పుంది.”

“ఉండదు,” అంది వెంటనే. “నాలుగుసార్లు దిద్దాను.”

“‘హాజరు చాలనివారు పరీక్షకు అర్హులు’ అని ఉందండీ. అనర్హులులో ‘న’ ఎగిరిపోయింది. అది చూశాకే ధైర్యంగా చేరాను.”

ఆమె బ్యాగులోంచి పుస్తకం లాగి, వాన చినుకులు పడకుండా చున్నీ కప్పి ముప్పై ఒకటో పేజీ తీసింది. అర్హులు. నల్లటి అక్షరాల్లో, నిక్షేపంగా.

“అయ్యో! మీరు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?”

“మీరు సలహా అడగలేదు కదండీ.”

శ్రీలక్ష్మి పకపకా నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే, ఆటో వచ్చి హారను కొడుతున్నా ఇద్దరికీ వినబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు తడిసిన అద్దంలోంచి చూస్తే అతను ఇంకా వసారాలోనే నిలబడి ఉన్నాడు. కైకలూరులో బస్సెక్కేసరికి ఆమెకు విషయం అర్థమైపోయింది. అర్థమైన మరుక్షణమే పంతొమ్మిదో నిబంధన గుర్తొచ్చింది.

‘ఏ అభ్యర్థితోనైనా బంధుత్వము గాని, సన్నిహిత భావము గాని గల సిబ్బంది, ఆ సంగతిని వ్రాతపూర్వకముగా తెలియజేసి, సదరు అభ్యర్థి ఫలితములకు సంబంధించిన పనుల నుండి తప్పుకొనవలెను.’

బోర్డులో అతని కేసు చదివి వినిపించాల్సింది తనే. నోట్ రాయాల్సిందీ తనే. మూడు రోజులు ఆలోచించింది. రెండు కాగితాలు చించింది. మూడో కాగితం తీసుకుని డైరెక్టర్ దక్షిణామూర్తి గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన చదివి, కాగితం బోర్లా పెట్టాడు. “ఆ అబ్బాయికి తెలుసా అమ్మా?”

“తెలీదండీ.”

“అతనేమైనా అన్నాడా?”

“అచ్చుతప్పు ఉందన్నాడండీ.”

ఆయనకు దగ్గొచ్చింది. నవ్వును కప్పెట్టుకున్న దగ్గు. “మరి ఇందులో తెలియజేయడానికి ఏముందమ్మా? ఇంకా ఏమీ లేదు కదా?”

“నా వైపు ఉంది కదండీ. భావం రెండు వైపులా ఉండాలని నిబంధనలో లేదు. నేను నోట్ రాస్తే అతనికి అనుకూలంగా రాస్తాను. లేదా అలా రాయకూడదని మరీ గట్టిగా రాస్తాను. రెండూ తప్పే.”

దక్షిణామూర్తి గారు బోర్లా పెట్టిన కాగితాన్ని తిప్పి మళ్ళీ చదివాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకు అలాంటి కాగితం రాలేదు.

“సరే. ఫైలు ఎలీయాజరుకి ఇవ్వు. ఒక్క మాట. ఫలితాలు వచ్చేవరకు అబ్బాయికి ఏమీ చెప్పొద్దు. చెప్తే రేపు అతను పాసైనా జనం వేరేగా అనుకుంటారు.”

“చెప్పనండీ.”

అనడం తేలికే. బోర్డు కూర్చున్న రోజున ఆమె గదిలోంచి బయటికి వచ్చేసి, మెట్ల మీద కూర్చుంది. లోపల ఎలీయాజరు ఎక్కడ తడబడుతున్నాడో, విజయకుమారి గారి ఉత్తరం చదివాడో లేదో! గంట తర్వాత తలుపు తెరుచుకుంది. సున్నా రద్దయింది. ఫైలు మళ్ళీ చూస్తారు, ఇంకో ప్రాక్టికల్ పెడతారు.

మర్నాడు శ్రీకర్ కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఈసారి బురద లేదు, నవ్వూ లేదు.

“నా ఫైలు మీరు వదిలేశారటండీ.”

“దాని గురించి ఎలీయాజరు గారిని అడగండి.”

“ఆయన్ని కాదండీ, మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ రోజు వానలో నేనేమైనా తప్పుగా మాట్లాడానా?”

“లేదండీ.”

“మరి నా కేసు మీకు బరువైందా?”

శ్రీలక్ష్మి ముందున్న రిజిస్టరులో గీతలు లెక్కపెట్టింది. “మీ ప్రాక్టికల్ అక్టోబరు పదిహేడునండీ. హాల్ టికెట్ మర్చిపోకండి.”

అతను తలూపాడు. “అలాగే మేడం,” అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ మేడం అనలేదు. ఆ మాట వారం రోజులు ఆమె అన్నంలో రాయిలా తగులుతూనే ఉంది. ఇంట్లో తల్లి ఆండాళ్ళు, “ఒంట్లో బాగోలేదా?” అని రెండుసార్లు అడిగింది. బాగానే ఉందని చెప్పింది.

నవంబరు మొదటి వారంలో ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించారు. శ్రీకర్ పాసయ్యాడు. ప్రాక్టికల్‌లో ఎక్కువ మార్కులు అతనివే. అంటించిన బంక ఇంకా ఆరకముందే కౌంటరు ముందు నిలబడ్డాడు, చేతిలో స్వీటు డబ్బాతో.

“ఎలీయాజరు గారికిచ్చాను. మీకు కూడా ఇవ్వడం మర్యాద కదండీ.” డబ్బా కౌంటరు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

“ఆగండి.” శ్రీలక్ష్మి లేచి నిలబడింది. “ఫలితాల మీద సంతకాలయ్యాయి. ఇప్పుడు చెప్పొచ్చు. పంతొమ్మిదో నిబంధన గుర్తుందా?”

“సిబ్బంది తప్పుకోవడం గురించి కదండీ. బంధువులుంటే.” నుదురు ముడిచాడు. “మనకి బంధుత్వం లేదే.”

“లేదండీ.”

“మరి?”

“వాక్యం పూర్తిగా చదవండి. ‘గాని’ తర్వాత ఇంకో ముక్కుంది.”

శ్రీకర్ పెదవులు నిశ్శబ్దంగా కదిలాయి, మనసులో ఆ వాక్యం చదువుకుంటున్నట్టు. ఎక్కడ ఆగాడో ఆమెకు స్పష్టంగా కనబడింది. పక్క టేబుల్ దగ్గర ఎలీయాజరు ఉన్నట్టుండి టీ తాగాలని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

“కాగితం రాసిచ్చారా?” అన్నాడు చివరికి.

“ఇచ్చాను. డైరెక్టర్ గారికి.”

“నాకంటే ముందు ఆయనకి చెప్పారా!”

“రూలు అలాగే ఉందండీ మరి.”

“తేదీ కూడా వేశారా?”

“ఆగస్టు పదకొండు. కానీ అసలు తేదీ ఎనిమిది. మూడు రోజులు ఆలస్యం.”

“ఆలస్యానికి కారణం?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. “భయమండీ.”

అతను ఆ మాటకు సలహా ఏమీ ఇవ్వలేదు. స్టూలు లాక్కుని కౌంటరు ముందు కూర్చున్నాడు. కాసేపటికి, “రెండు నెలలుగా నేను నిద్ర సరిగా పోలేదండీ,” అన్నాడు మెల్లగా. “మీకు కోపమొచ్చిందేమోనని. ఆ రోజు ఆటో వెళ్ళిపోయాక నేను ఇంకో గంట అక్కడే నిలబడ్డాను. వాన ఆగిపోయాక కూడా.”

“ఎందుకండీ?”

“మీరు మళ్ళీ నవ్వితే బాగుండని.”

పెళ్ళి మాటలు డిసెంబరులో జరిగాయి. సుబ్బయ్య భార్యను వెంటబెట్టుకుని ఏలూరు వచ్చాడు. ఆండాళ్ళు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. రిటైరైన టీచరు, తొణకకుండా అడిగింది. “మీది వ్యాపారం ఇల్లు, మాది పంతుళ్ళ ఇల్లు. మీ వాళ్ళు ఏమీ అనరా అండీ?”

“అంటారండీ, ఎందుకనరు,” అన్నాడు సుబ్బయ్య. “నేనే అన్నాను ముందు. మావాడు మిల్లులో కూర్చోనన్నాడని ఏడాదిగా వాడితో సరిగా మాట్లాడలేదు. వాడూ మాట్లాడలేదు. ఊరందరి గోడూ వింటాడు గానీ, ఇంటికొస్తే నోరు విప్పడు. మొన్న మాత్రం నా పక్కన కూర్చుని మీ అమ్మాయి సంగతి గంటన్నర చెప్పాడండీ. మధ్యలో లేచిపోదామనుకున్నాను.” కప్పు కింద పెట్టాడు. “లేవబుద్ధి కాలేదు.”

ఆండాళ్ళు లోపలి గదివైపు చూసి పిలిచింది. “శ్రీలక్ష్మీ, బయటికి రామ్మా. మామయ్య గారికి నమస్కారం చెయ్యి.”