ఆది జాకెట్టుతో కొన్న కోటు

మే నెల. వేట నిషేధం కాబట్టి మరపడవలన్నీ హార్బరులోనే కట్టేసి ఉన్నాయి. మల్కాపురంలో ఆ ఆదివారం ఉదయం, చేపలమ్మే సూర్యకళ ఇంటిపట్టునే ఉండి మేడ మీద ఎండు నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది. కింద గదిలో ఆవిడ కూతురు దేవిశ్రీ ఫోన్ చూస్తూ ఒక్క కేక పెట్టింది.

"నాన్నా! కోటు గోడౌన్‌కి వచ్చీసింది! ఫొటోలు పెట్టేరు!"

గంగరాజు టీ గ్లాసు వదిలేసి పరుగున వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా పోర్టులో ఆయనది టాలీ గుమస్తా పని. ఓడలోకెక్కే సరుకు లెక్క సరిపోయిందా, దెబ్బలేమైనా తగిలాయా అని చూసి రాసుకోవడం.

దేవిశ్రీ మధురవాడలో ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. అమ్మకి తెలియకుండా ఈ కోటు తెప్పిస్తోంది. సముద్రంలో పనిచేసేవాళ్ళు వేసుకునే రకం, చుక్క నీరు లోపలికి పోదట. అమ్మే విదేశీ సైటువాళ్ళు మన దేశానికి పంపరు. అందుకని మధ్యలో ఒక ఏజెంటు. మనం లింకు ఇస్తే అక్కడే కొని, తన గోడౌన్‌లో పెట్టి, ఫొటోలు తీసి చూపిస్తాడు. అప్పుడు మార్చమంటే మారుస్తాడు. పార్శిల్ కట్టేశాడా, ఇక అంతే.

"సూడు నాన్నా, రంగెంత బాగుందో! పదకొండింటికి పార్శిల్ కట్టేత్తారంట. ఓకే నొక్కీనా?"

"ఆగెహే. ఓడెక్కిపోయినాక ఏడిసి లాభం నేదు. ముందు నన్ను సూడనీ."

గంగరాజు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో ఫొటో పెద్దది చేసి చూశాడు. జిప్పు చూశాడు. కుట్లు చూశాడు. నాలుగో ఫొటోలో కోటు మీద టేపు పరిచి ఉంది.

"సంక నుంచి సంకకి నలభై తొమ్మిది సెంటీమీటర్లు. సుట్టూ తొంభై ఎనిమిది. మీ యమ్మ కొలతేటి?"

"ముప్పై ఆరు అంగుళాలు, అంటే తొంభై ఒకటి. అందుకే మీడియం పెట్టేను."

"నీకెవులు సెప్పేరు?"

దేవిశ్రీ గర్వంగా నవ్వింది. "అమ్మ ఆది జాకెట్టు కొల్సేసేను! టైలరుకి ఇత్తాం కదా, ఆ పాతదే. అమ్మకి అనుమానం కూడా రాలేదు."

గంగరాజు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓలమ్మో! జాకెట్టంటే ఒంటికి అతుక్కునుండేది. కోటు సీర మీద, సలికాలమైతే స్వెట్టర్ మీద ఏసుకోవాల. ఆపైన సేతులు పైకెత్తి తట్ట పట్టుకోవాల. పిగిలిపోదేటే?"

"నాలుగొందల మంది మీడియం బాగా సరిపోయిందని రాసేరు నాన్నా!"

"ఆ నాలుగొందల మందీ మీ యమ్మ బుజాలు పెట్టుకుని పుట్టేరేటి?"

"నీకు పోర్టు తెల్సు గానీ బట్టల సంగతి ఏటి తెల్సు? అన్నిట్లోనూ వంక పెడతావు!"

ఈ అరుపులకి సూర్యకళ మెట్లు దిగి వచ్చింది. "ఏటి గోల? కోటేటి? ఎవులికి?"

తండ్రీకూతుళ్ళిద్దరూ గతుక్కుమన్నారు. దేవిశ్రీ మెల్లిగా ఫోన్ చూపించింది. "నీకేనమ్మా."

సూర్యకళ ఫొటో చూసింది. నవ్వుతుందనుకున్న ముఖం బిగుసుకుపోయింది.

"తట్ట మోసేదానికి కోటేటి?" అంది. ఫోన్ వెనక్కిచ్చేసి, "వాసన కప్పెట్టడానికా?" అంది.

రెండేళ్ళ కిందట, దేవిశ్రీ స్నేహితురాళ్ళతో కాలేజీకి వెళ్తున్న బస్సులోకి సూర్యకళ తట్టతో ఎక్కింది. కూతురు తల్లిని చూసి కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. ఇన్నాళ్ళకి ఇలా బయటపడింది.

"కాదమ్మా..." దేవిశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. "తట్టలోంచి ఐసునీళ్ళు నీ మెడ మీంచి వీపులోకి కారిపోడం ఆ రోజే సూసేను. సూసేకే మొహం తిప్పీసేను. తొలి జీతం రాగానే అదే కళ్ళ ముందుకొచ్చిందమ్మా. వాసన గురించి కాదు. ఒట్టు."

సూర్యకళ పైట కొంగుతో ముక్కు తుడుచుకుంది.

గంగరాజు గడియారం చూసి గావుకేక పెట్టాడు. "ఏడుపులు తరవాత! ఇరవై నిమిషాలే ఉంది! టేపు తే! ఓలే, తట్ట తే!"

"తట్టెందుకయ్యా?"

"నెత్తి మీద పెట్టుకుని నిలబడు. స్వెట్టరు కూడా ఏసుకో. నువ్వు పనిలో ఎలాగుంటావో అలాగే కొలవాల."

మే నెల ఉక్కపోతలో స్వెట్టరు వేసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని, చేతులెత్తి నిలబడింది సూర్యకళ. ఆ వేషం చూసి తనకే నవ్వొచ్చింది. దేవిశ్రీ టేపు చుట్టడానికి వెనక్కి వెళ్ళి పైట కాస్త జరిపింది. జరిపి అలాగే ఉండిపోయింది. మెడ వెనక చర్మం ఏళ్ళ తరబడి నానినాని, పని లేని ఈ రోజుల్లో కూడా మానక తెల్లగా పొరలు లేచి ఉంది. ఒక్క ఇంట్లో ఉంటూ ఇన్నేళ్ళలో తాను ఒక్కసారీ చూడలేదు. అక్కడ అరచెయ్యి ఆనించింది.

"సల్లగుందే నీ సెయ్యి," అంది సూర్యకళ నెమ్మదిగా.

"కొలవే! కొలవే!" గంగరాజు కాయితం, పెన్సిల్ పట్టుకుని గెంతుతున్నాడు.

"స్వెట్టరు మీద నూట ఐదు! సేతులెత్తితే నూట పది!" అరిచింది దేవిశ్రీ.

"సెయ్యి పొడుగు కూడా రాయి. పైకెత్తితే కోటు సేతులు మోచేతి దాకా జారిపోకూడదు, నీళ్ళు సంకలోకి పోతాయి," అంది సూర్యకళ.

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి, ఒళ్ళు కొలత కాకుండా కోటు కొలతలున్న పట్టిక వెతికి చూశారు. చుట్టూ నూట పద్దెనిమిది ఉన్నది సరిపోతుంది, రెండు ఎక్సెల్. దేవిశ్రీ గబగబా ఏజెంటుకి మార్చమని రాసి, ఆ పట్టిక ఫొటో కూడా పెట్టింది. పదకొండుకి రెండు నిమిషాల తక్కువలో జవాబు వచ్చింది. మారుస్తామన్నారు!

"డబ్బా తీసేసి ఉత్త సంచీలో కట్టమను," అన్నాడు గంగరాజు. "డబ్బాలో గాలిక్కూడా కిరాయి కడతామేటి?"

"ఇది కూడా తెల్సా నాన్నా నీకు!"

"పోర్టులో సరుకు కన్నా గాలే ఎక్కువ సోటు తింటాదే."

జూన్‌లో నిషేధం ఎత్తేసిన తొలి శనివారం. సన్నగా వాన. దేవిశ్రీకి సెలవు కాబట్టి తల్లితో హార్బరుకి వచ్చింది. ముదురు నీలం కోటులో సూర్యకళ తట్టెత్తి నడుస్తుంటే నీళ్ళన్నీ భుజాల మీంచి జర్రున కిందికి జారిపోతున్నాయి. తోటి చేపలమ్మే కాశమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏటే సూర్యకళా, దొరసానిలాగున్నావు! నాకూ ఒకటి తెప్పించవే. నా ఆది జాకెట్టిత్తాను, పట్టుకెళ్ళు."

సూర్యకళ తట్ట దించి, బొడ్లోంచి టేపు తీసింది. "ఆది జాకెట్టు మాటెత్తకు. నీ తట్ట నెత్తిన పెట్టుకో. సేతులు పైకెత్తు."

ఇంటికి బస్సెక్కారు. బస్సు నిండా జనం. తట్ట పట్టుకుని సూర్యకళ అలవాటుగా మెట్ల దగ్గరే ఆగిపోయింది. ముందు సీటులోంచి దేవిశ్రీ బస్సంతా వినపడేలా పిలిచింది.

"అమ్మా! ఇలా రా, సీటు పట్టేను!"

తల్లిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, తట్ట తన ఒళ్ళో పెట్టుకుంది. ఐసునీళ్ళు కొత్త చుడీదారు మీద బొట్లుబొట్లుగా పడ్డాయి.

"తుడుసుకోవే, వాసనొత్తాది," అంది సూర్యకళ.

"రానీ అమ్మా," అంది దేవిశ్రీ. తట్టని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.