గొంతు అడిగిన కపాలం

అసురసంధ్య...!

పడమటి ఆకాశం నెత్తురోడుతోంది. కారుమబ్బులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ భీకరంగా గర్జిస్తున్నాయి. పక్క మేడ పిట్టగోడ మీద ఓ గుడ్లగూబ... చీకటి పడకముందే... కర్ణకఠోరంగా అరిచింది!

పై అంతస్తులోని ఒంటిగదిలోకి ఆ అరుపు చేరలేదు. బయటి చప్పుళ్లు రాకుండా గోడల నిండా పాత బొంతలు వేలాడుతున్నాయి. పాట రాయడం, బాణీ కట్టడం, వాయించడం, అన్నిటినీ కంప్యూటర్‌లో కలపడం... సమస్తమూ తానే అయిన ఓ పాటగాడి గది అది. పాడటానికి మాత్రం అక్క ఉంది. ఏళ్ల తరబడి ఇద్దరూ పాటలు చేసి వదులుతూనే ఉన్నారు. లోకం చెవిన పెడితేగా! విన్న నలుగురిలో ముగ్గురు చుట్టాలు. నాలుగోవాడు ఇంటి ఓనరు, అదీ గోల తగ్గించమని చెప్పడానికి వచ్చి విన్నాడు.

ఆ నిస్పృహే అతని చేత చేయరాని పని చేయించింది. ఎముకల స్వామి అనే క్షుద్రోపాసకుణ్ణి ఇంటికి పిలిపించింది!

మాంత్రికుడు మైకు ముందు కపాలాన్ని నిలిపాడు. దాని నేత్రకుహరాల్లో ఎర్రని కాంతి కదిలింది.

"పాట అడుగున నా మంత్రం ఉండాలి. ఒక్కసారే పలుకుతా. పలికిన ప్రతిసారీ ఈ శక్తికి ఓ గొంతు ఇచ్చుకోవాలి. ఇవ్వకపోతే పలికినవాణ్ణే మింగుతుంది."

"నా గొంతు తీసుకోండి స్వామీ! పాట జనం వింటే చాలు."

మాంత్రికుడు నవ్వి మంత్రం పలికాడు. కంప్యూటర్ దాన్ని రికార్డు చేసుకుంది.

"తమ్ముడూ...!!"

పాట పాడేసి గది మూలన కూర్చున్న అక్క కేక! మరుక్షణమే ఆమె విరుచుకు పడిపోయింది. జుట్టు విరబోసుకుని, కళ్లు తేలేసి, పెదవులు కదుపుతోంది... శబ్దం లేదు! స్పీకర్లలో మాత్రం ఆమె గానం అమృతధారలా ప్రవహిస్తోంది.

"నీ గొంతు ఎవడిక్కావాల్రా! పాటకి ప్రాణం దాని గొంతేగా!" మాంత్రికుడు వికటాట్టహాసం చేశాడు. "కాసేపట్లో ఊపిరి కూడా పోతుంది!"

పాటగాడు కాళ్ల మీద పడ్డాడు. మాంత్రికుడు తన్నాడు. అక్కని తన చేతులారా చంపుకుంటున్నానన్న దుఃఖంతో అతని గుండె పగిలిపోయింది.

అతనికి మంత్రాలు రావు. వచ్చిందల్లా ఒక్క పనే. కోరస్ పాడేవాళ్లని పెట్టుకునే స్తోమత లేక, ఎప్పుడూ అక్క ఒక్క గొంతునే ఒకదాని మీద ఒకటి పేర్చి బృందగానం చేసేవాడు. ఇప్పుడు మాంత్రికుడి మంత్రాన్ని అలాగే పేర్చాడు. పేర్చాడు... పేరుస్తూనే పోయాడు... స్పీకర్లు పూర్తిగా పెంచి మోగించాడు!

"ఒరేయ్! ఆపరా!"

వందమంది మాంత్రికులు ఒక్కసారిగా ఘోషించినట్టు గది దద్దరిల్లింది! ప్రతి పిలుపుకీ ఓ గొంతు బాకీ... కపాలం దవడలు తెరుచుకున్నాయి.

"పిలిచింది నేను కాదు! ఆ యంత్రం...!"

కానీ ఆ గొంతు అతనిదే! అగ్నిజ్వాలలు మాంత్రికుణ్ణి కంఠం నుంచి కబళించాయి. హాహాకారాలు... ఆపైన గుప్పెడు బూడిద. కపాలం ముక్కలైంది.

అయినా అక్క కదలలేదు. శ్వాస సన్నగిల్లుతోంది. ఆమె గొంతు ఇంకా ఆ పాటలోనే బందీగా ఉందని అతనికి అర్థమైంది. అతను జీవితమంతా ఏ పాట కోసం తపించాడో అచ్చంగా అలాంటి పాట. వింటే లోకం మోకరిల్లుతుంది! మరో కాపీ లేదు.

అతను ఆఖరి చరణం దాకా కూడా వినలేదు. భోరున ఏడుస్తూ చెరిపేశాడు.

అక్క దగ్గింది. కళ్లు తెరిచింది.

"పాట... బాగా వచ్చిందిరా?" బొంగురు గొంతుతో అడిగింది.

"ఇంత బాగా ఎప్పుడూ రాలేదక్కా!" అంటూ అతను ఆమె ఒడిలో తల దాచుకున్నాడు.

"అయితే పెట్టరా, వింటాను" అంది అక్క.